లార్డ్ అంటే ఏ లార్డ్? బ్రిటిష్ వంశపారంపర్య బిరుదులను చదవడం, వరుసలో పెట్టడం

స్కూల్లో గవర్నర్ జనరళ్ల జాబితా బట్టీ పట్టినవాళ్లకి ఈ పేర్లు ఇప్పటికీ నోటికొస్తాయి: లార్డ్ కార్న్‌వాలిస్, లార్డ్ వెల్లస్లీ, లార్డ్ విలియం బెంటింక్, లార్డ్ డల్హౌసీ, లార్డ్ కానింగ్. వీళ్లలో ఒకాయన మిగతావాళ్ల బాపతు కాదు. బెంటింక్ గారి పేరులో మాత్రమే మధ్యలో "విలియం" ఎందుకు వచ్చిందో మాకు ఏ మాస్టారూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

తర్వాతెప్పుడో అనువాదాలు మొదలుపెట్టిన కొత్తల్లో "లార్డ్ రాండాల్ఫ్ చర్చిల్" అన్న పేరు పొడుగ్గా ఉందని "లార్డ్ చర్చిల్" అని కుదించేశాను. అచ్చయ్యాక ఒక పెద్దాయన ఉత్తరం రాశారు: "మీరు రాసిన లార్డ్ చర్చిల్ వేరే మనిషండీ." నిజమే. 1815లో పుట్టిన చర్చిల్ అనే బారన్ పదవి ఒకటి విడిగా ఉంది. రాండాల్ఫ్ కాలంలో ఆ పేరుతో తిరిగిన మనిషి ఇంకొకరు. ఒక్క మాట ఎగరగొట్టి ఒకరి బిరుదు తీసి ఇంకొకరి నెత్తిన పెట్టాను. ఆ దెబ్బతో కూర్చుని నేర్చుకున్న పద్ధతి ఇది.

మొదటి అడుగు: ఐదు మెట్లు గుర్తుపెట్టుకోండి

పైనుంచి కిందికి: డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్, వైకౌంట్, బారన్. వీళ్ల భార్యలు వరుసగా డచెస్, మార్షనెస్, కౌంటెస్, వైకౌంటెస్, బారోనెస్. వైకౌంట్‌లో "ఎస్" పలకదు. మన పత్రికల్లో కనిపించే "విస్కౌంట్" అక్షరాలను చూసి రాసింది.

ఈ మెట్లు ఒక్కసారిగా కట్టినవి కావు. ఎర్ల్ అన్నిటికన్నా పాతది, నార్మన్లు రాకముందు నుంచీ ఇంగ్లండ్‌లో ఉన్న మాట. దానికి స్త్రీలింగం లేదు కాబట్టే ఎర్ల్ భార్య కౌంటెస్ అయింది. మూడో ఎడ్వర్డ్ 1337లో తన పెద్దకొడుకుని కార్న్‌వాల్‌కి డ్యూక్‌ని చేసి, ఉన్న ఎర్ల్‌ల నెత్తిమీద కొత్త మెట్టు వేశాడు. 1385లో రెండో రిచర్డ్ ఈ రెంటి మధ్యలో మార్క్వెస్‌ను ఇరికించాడు. అది ఎంత కొత్తగా, ఎబ్బెట్టుగా తోచిందంటే, 1402లో జాన్ బోఫోర్ట్‌కి ఆ బిరుదు తిరిగి ఇప్పించాలని పార్లమెంటు అడిగితే, ఈ రాజ్యానికి అది పరాయి పేరంటూ ఆయనే వద్దన్నాడు. వైకౌంట్ అన్నిటికన్నా ఆలస్యంగా, 1440లో వచ్చింది. స్కాట్లండ్‌లో అడుగుమెట్టుని బారన్ అనరు, లార్డ్ ఆఫ్ పార్లమెంట్ అంటారు.

ఈ ఐదింట్లో ఏదో ఒకటి స్వయంగా ఉన్నవాడే "పీర్". ఆయన భార్యాబిడ్డలకి మర్యాద ఉంటుంది, పేరు ముందు ఏదో ఒక మాట ఉంటుంది, చట్టం దృష్టిలో మాత్రం బిడ్డలు మామూలు జనమే. రాండాల్ఫ్ చర్చిల్ "లార్డ్" అయ్యుండి కూడా కామన్స్ సభకి ఎన్నికల్లో నిలబడి గెలవగలిగింది అందుకే.

"సర్" అన్న మాట ఈ ఐదు మెట్ల కిందది. వంశపారంపర్యంగా వచ్చే సర్‌ని బారొనెట్ అంటారు. 1611లో మొదటి జేమ్స్ దీన్ని మొదలుపెట్టింది ఐర్లండ్‌లో సైన్యాన్ని పోషించే డబ్బు కోసం: 30 మంది సైనికుల మూడేళ్ల జీతం, 1,095 పౌండ్లు కడితే బిరుదు. ఒకరకంగా రేటు కార్డు. బారొనెట్ పీర్ కాడు. మామూలు నైట్ బిరుదైతే మనిషితోనే పోతుంది.

రెండో అడుగు: "లార్డ్" పక్కన ఏముందో చూడండి

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. డ్యూక్‌ని తప్ప మిగతా నలుగురినీ మాటల్లో "లార్డ్ ఫలానా" అనే పిలుస్తారు. డల్హౌసీ మార్క్వెస్, కానింగ్ వైకౌంట్ (1859 నుంచి ఎర్ల్), క్లైవ్ బారన్. పాఠ్యపుస్తకంలో అందరూ లార్డే. కాబట్టి ఆ మాట మెట్టు ఏదో చెప్పదు. సొంత పేరు ఉందా లేదా అన్నది మాత్రం చాలా చెబుతుంది.

"లార్డ్" వెనకే బిరుదు పేరు నేరుగా వస్తే పీర్ అయ్యుండాలి, లేదా పీర్‌కి పెద్దకొడుకు అయ్యుండాలి. మధ్యలో సొంత పేరు వస్తే ఆయన డ్యూక్‌కో మార్క్వెస్‌కో పుట్టిన చిన్నకొడుకు (పెద్దవాడు కాని ఏ కొడుకైనా). విలియం బెంటింక్ పోర్ట్‌లాండ్ మూడో డ్యూక్‌ రెండో కొడుకు. రాండాల్ఫ్ చర్చిల్ మార్ల్‌బరో ఏడో డ్యూక్ చిన్నకొడుకు. ఆ "లార్డ్" వాళ్లతోనే పోతుంది, పిల్లలకి రాదు. రాండాల్ఫ్ కొడుకు విన్‌స్టన్ 1953 దాకా ఉత్త మిస్టర్ చర్చిల్‌గానే ఉండటానికి కారణం ఇదే.

అందువల్ల కుదించేటప్పుడు బెంటింక్‌ని "లార్డ్ విలియం" అనొచ్చు, "లార్డ్ బెంటింక్" అనకూడదు. డల్హౌసీ విషయంలో తిరగబడుతుంది: "లార్డ్ జేమ్స్" అనకూడదు, "లార్డ్ డల్హౌసీ" అనాలి.

ఎర్ల్ చిన్నకొడుకులకీ, వైకౌంట్, బారన్‌ల కొడుకులందరికీ "లార్డ్" రాదు. కాగితం మీద "ది ఆనరబుల్" అని రాస్తారు, నోటితో మామూలు మిస్టరే.

మూడో అడుగు: ఒకే మనిషికి ఎన్ని బిరుదులున్నాయో లెక్కపెట్టండి

పై మెట్టు ఎక్కినప్పుడు కింది బిరుదు ఊడిపోదు, మూటలో చేరుతుంది. ఆర్థర్ వెల్లస్లీ 1809లో వైకౌంట్ అయ్యాడు, 1812లోనే ముందు ఎర్ల్, ఆపైన మార్క్వెస్, 1814లో వెల్లింగ్టన్ డ్యూక్. ఇదంతా జరుగుతున్నన్నాళ్లూ యుద్ధంలో ఉన్నాడు. చివరికి 1814 జూన్ 28న లార్డ్స్ సభలో మొదటిసారి అడుగుపెట్టినప్పుడు బారన్ నుంచి డ్యూక్ దాకా ఆయన సనదులన్నీ (బిరుదు ఇచ్చిన కాగితాలు) ఒకదాని వెనక ఒకటి అదే రోజున చదివారు.

ఆ మూటలోంచి ఒక బిరుదుని పెద్దకొడుకు వాడుకుంటాడు. డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్‌ల వారసులకి మాత్రమే ఈ సౌకర్యం. వెల్లింగ్టన్ డ్యూక్ వారసుడు మార్క్వెస్ ఆఫ్ డూరో. డెవన్‌షైర్ డ్యూక్ వారసుడు మార్క్వెస్ ఆఫ్ హార్టింగ్టన్, ఆయన కొడుకు ఎర్ల్ ఆఫ్ బర్లింగ్టన్. ఇవి మర్యాదకి పిలుచుకునే పేర్లు. అసలు మార్క్వెస్‌కి ముందు "ది" పెడతారు, ఇలాంటివాళ్లకి పెట్టరు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ప్రధానిగా ఉన్న లార్డ్ నార్త్ కామన్స్ సభలో కూర్చున్నదీ ఇలాగే: గిల్‌ఫర్డ్ ఎర్ల్ పెద్దకొడుకు.

మూటలోని బిరుదులన్నీ చివరిదాకా కలిసే ఉంటాయన్న నమ్మకం పెట్టుకోకండి. డల్హౌసీకి తండ్రి నుంచి వచ్చింది స్కాట్లండ్ ఎర్ల్ పదవి, 1849లో సంపాదించుకున్నది మార్క్వెస్ పదవి. 1860లో కొడుకుల్లేకుండా పోయాడు. మార్క్వెస్ ఆయనతోనే అంతరించింది, ఎర్ల్ పదవి దాయాదికి వెళ్లింది.

నాలుగో అడుగు: ఏ పీరేజ్, ఏ సంవత్సరం?

ఇద్దరు డ్యూకులు ఎదురుపడితే ఎవరు ముందు? పాత బిరుదున్నవాడు ముందు అనుకుంటాం. సగమే నిజం. సంవత్సరం కన్నా ముందు చూడాల్సింది ఆ బిరుదు ఏ రాజ్యం ఇచ్చిందన్నది. ఒకే మెట్టు మీద వరుస ఇది (పీరేజ్ అంటే ఒక రాజ్యం ఇచ్చిన పీర్ బిరుదులన్నీ కలిపి):

1. ఇంగ్లండ్ పీరేజ్, 1707 దాకా ఇచ్చినవి
2. స్కాట్లండ్ పీరేజ్, అదీ 1707 దాకానే
3. గ్రేట్ బ్రిటన్ పీరేజ్, 1707 నుంచి 1800 చివరిదాకా
4. ఐర్లండ్ పీరేజ్‌లో, 1801లో ఐర్లండ్ బ్రిటన్‌తో కలవకముందువి
5. యునైటెడ్ కింగ్‌డమ్ పీరేజ్, 1801 తర్వాతి ఐరిష్ బిరుదులు. ఈ రెండూ కలిపి తేదీల వారీగా

ఒక్కో గుంపులోపల మాత్రం పాతదే ముందు. ఇంగ్లండ్‌లో అగ్ర డ్యూక్ నార్ఫోక్, 1483. మార్క్వెస్‌లలో వించెస్టర్, 1551. వైకౌంట్‌లలో హెరిఫర్డ్, 1550.

స్కాట్లండ్ ఎందుకు వెనకబడిందంటే, ఇంగ్లండ్, స్కాట్లండ్‌లని కలిపిన 1707 ఒప్పందంలోనే ఆ మాట రాసుకున్నారు: స్కాట్ పీర్లు అదే మెట్టులోని అప్పటి ఇంగ్లిష్ పీర్ల తర్వాత. దాంతో 1643 నాటి హామిల్టన్ డ్యూక్ 1703 నాటి రట్లండ్ డ్యూక్ వెనక నిలబడాలి. అరవయ్యేళ్ల పెద్దరికం ఒక్క సంతకంతో పోయింది.

ఐర్లండ్ సంగతి ఇంకా చిన్నచూపు. టిప్పు సుల్తాన్ మీద గెలుపు తర్వాత రిచర్డ్ వెల్లస్లీ పెద్ద బ్రిటిష్ బిరుదే వస్తుందని కూర్చున్నాడు. 1799లో వచ్చింది ఐర్లండ్ మార్క్వెస్. దానివల్ల లార్డ్స్ సభలో కొత్తగా ఒరిగేదేం లేదు. ఆ అక్కసుతో ఆయన దానికి పెట్టిన పేరు "రెండు పూతల బంగారం పూసిన బంగాళాదుంప". పైగా వెల్లింగ్టన్ డ్యూక్ అయిన ఆర్థర్ ఆయన సొంత తమ్ముడు. అన్నగారు మార్క్వెస్ మెట్టు మీదే ఆగిపోయాడు, తమ్ముడు ఆయన్ని దాటి వెళ్లాడు.

ఐరిష్ బిరుదు కోరి తీసుకున్నవాళ్లూ లేకపోలేదు. వైస్రాయ్‌గా బయల్దేరేముందు కర్జన్ 1898లో ఐర్లండ్ బారన్ అయ్యాడు. అది ఉంటే తిరిగొచ్చాక కామన్స్ సభకి పోటీ చేసే దారి మూసుకుపోదు. ఐర్లండ్ పీరేజ్‌లో కొత్తగా పుట్టిన చివరి బిరుదు అదే.

ఐదో అడుగు: కొడుకులని మధ్యలో సర్దండి

ఇక్కడే తలనొప్పి. పీర్ల కొడుకులు పీర్లు కాకపోయినా వరుసలో వాళ్లకీ చోటుంది. సూత్రం ఇలా గుర్తుపెట్టుకోవచ్చు: పెద్దకొడుకు తండ్రికన్నా ఒక మెట్టు కిందివాళ్లందరి వెనక, చిన్నకొడుకులు రెండు మెట్ల కిందివాళ్లందరి వెనక. విప్పితే:

డ్యూకులు, మార్క్వెస్‌లు, డ్యూకుల పెద్దకొడుకులు, ఎర్ల్‌లు, మార్క్వెస్‌ల పెద్దకొడుకులు, డ్యూకుల చిన్నకొడుకులు, వైకౌంట్‌లు, ఎర్ల్‌ల పెద్దకొడుకులు, మార్క్వెస్‌ల చిన్నకొడుకులు, బిషప్పులు, బారన్‌లు. ఆ తర్వాత వైకౌంట్‌ల పెద్దకొడుకులు, ఎర్ల్‌ల చిన్నకొడుకులు, బారన్‌ల పెద్దకొడుకులు. బారొనెట్లు ఇంకా కింద.

డ్యూకులకు పైన రాజకుటుంబం, కాంటర్‌బరీ ఆర్చిబిషప్, లార్డ్ ఛాన్సలర్, యార్క్ ఆర్చిబిషప్, ప్రధాని వగైరా ఉంటారు. దేశాన్ని నడిపే ప్రధానికి ఈ వరుసలో సొంత చోటంటూ దొరికింది 1905లోనే.

ఒక లెక్క చేద్దాం. వీళ్లు ఒకే గుమ్మంలోంచి లోపలికి రావాలి: మాంచెస్టర్ డ్యూక్ (గ్రేట్ బ్రిటన్, 1719), ష్రూజ్‌బరీ ఎర్ల్ (ఇంగ్లండ్, 1442), వెల్లింగ్టన్ డ్యూక్ (యునైటెడ్ కింగ్‌డమ్, 1814), ఆయన కొడుకు డూరో మార్క్వెస్, హామిల్టన్ డ్యూక్ (స్కాట్లండ్, 1643), లీన్‌స్టర్ డ్యూక్ (ఐర్లండ్, 1766), రట్లండ్ డ్యూక్ (ఇంగ్లండ్, 1703), హంట్లీ మార్క్వెస్ (స్కాట్లండ్, 1599).

ముందు డ్యూకులని విడదీయండి. పీరేజ్ వరుసలో రట్లండ్, హామిల్టన్, మాంచెస్టర్, లీన్‌స్టర్, వెల్లింగ్టన్. తర్వాత అసలు మార్క్వెస్ హంట్లీ. డూరో పేరులో మార్క్వెస్ ఉన్నా దాన్ని పక్కన పెట్టి డ్యూక్ పెద్దకొడుకుగానే చూడాలి, కాబట్టి హంట్లీ వెనక. అందరికన్నా చివర ష్రూజ్‌బరీ. ఇంగ్లండ్ ఎర్ల్‌లలో అగ్రజుడు, గుంపులో అందరికన్నా పాత బిరుదు ఆయనదే, అయినా పీర్ కూడా కాని ఒక వారసుడి వెనక నడవాలి. మొదటిసారి ఈ లెక్క చేసినప్పుడు నేను తప్పు చేశాననుకుని మళ్లీ మొదట్నుంచి చేశాను.

ఆరో అడుగు: ఆడవాళ్ల పేర్లు విడిగా చదవండి

"లేడీ" కూడా "లార్డ్" లాంటిదే, సొంత పేరు ఉందా లేదా చూడాలి. డ్యూక్, మార్క్వెస్, ఎర్ల్‌ల కూతుళ్లందరూ "లేడీ" తర్వాత సొంత పేరు పెట్టుకుంటారు. డయానా పుట్టినప్పుడు లేడీ కాదు, తండ్రి అప్పటికి వారసుడు మాత్రమే కాబట్టి "ది ఆనరబుల్ డయానా స్పెన్సర్". 1975 జూన్‌లో తాతగారు పోయి తండ్రి స్పెన్సర్ ఎర్ల్ అయిన రోజునుంచే లేడీ డయానా.

సర్‌గారి భార్య, లేదా డ్యూక్ కంటే కింది పీర్ భార్య "లేడీ" తర్వాత ఇంటిపేరో బిరుదో మాత్రమే పెట్టుకుంటుంది: లేడీ కానింగ్. డ్యూక్ చిన్నకొడుకు భార్యకైతే మొగుడి పేరు మొత్తం వస్తుంది. బెంటింక్ గారి భార్యని లేడీ విలియం బెంటింక్ అనేవాళ్లు. అవును, ఆవిడ పేరు విలియం కాదు.

విడాకులు తీసుకున్న భార్య సొంత పేరు ముందు పెట్టి బిరుదు వెనక రాస్తుంది. 1996 తర్వాత "డయానా, ప్రిన్సెస్ ఆఫ్ వేల్స్" అయింది ఈ పద్ధతి ప్రకారమే.

వరుస విషయంలో వింత ఒకటుంది. డ్యూక్ కూతురు మామూలు మనిషిని పెళ్లాడితే పుట్టింటి స్థానం అలాగే ఉంటుంది. బారన్‌ని పెళ్లాడితే మాత్రం బారన్ భార్య స్థానానికి దిగిపోవాలి. భార్యకే బిరుదు ఉంటే మొగుడికి వచ్చేది సున్నా.

ఏడో అడుగు: బిరుదు ఎవరికి పోతుందో సనదు చూసి చెప్పండి

ఇంగితంతో ఊహించకండి. బిరుదు ఇచ్చిన కాగితంలో ఏం రాసుందో అదే చట్టం. ఎక్కువ సనదుల్లో ఉండేది మగ సంతతికే అని. దత్తపుత్రులకి రాదు. ప్రత్యేక షరతు ఉంటే కూతుళ్లకీ వస్తుంది: మౌంట్‌బాటన్‌కి కొడుకుల్లేరు, 1947లో ఎర్ల్ చేసినప్పుడే కూతుళ్లకు వెళ్లేలా రాశారు, 1979లో ఆయన హత్య తర్వాత పెద్దకూతురు పట్రీషియా కౌంటెస్ అయింది. సనదు లేకుండా పార్లమెంటు పిలుపుతో పుట్టిన కొన్ని పాత ఇంగ్లిష్ బారన్ పదవులూ కూతుళ్లకి వెళ్తాయి. ఇద్దరు కూతుళ్లుంటే సమాన హక్కు కాబట్టి ఎవరికీ రాకుండా గాల్లో వేలాడుతుంది, రాజు తేల్చేదాకా లేదా ఒకే వారసత్వ శాఖ మిగిలేదాకా.

వంశపారంపర్య బిరుదు అందుకున్న ఒకే ఒక్క భారతీయ పీర్ కుటుంబం సిన్హాలది. సత్యేంద్ర ప్రసన్న సిన్హా 1919లో రాయ్‌పూర్ బారన్ అయ్యాడు. 1928లో ఆయన పోతే, భారతీయ వివాహం చెల్లుతుందా అన్న మీమాంస మీద కొడుకు హక్కుని లార్డ్స్ సభ 1939లో గానీ ఒప్పుకోలేదు.

బిరుదు వేరు, సభలో కుర్చీ వేరు. 1999 చట్టంతో 92 మందికి తప్ప వంశపారంపర్య పీర్లకి లార్డ్స్ సభలో చోటు పోయింది. ఆ 92 కూడా తీసేయాలని 2024 సెప్టెంబరులో ప్రభుత్వం బిల్లు పెట్టింది. బిరుదులూ, పైన చెప్పిన వరుసా వీటితో మారవు.

ఎనిమిదో అడుగు: పిలుపు, ఆపైన ఒక పరీక్ష

డ్యూక్‌ని "లార్డ్" అనడం అన్నిటికన్నా పెద్ద తప్పు. లాంఛనంగా "యువర్ గ్రేస్", లేకపోతే "డ్యూక్". మిగతా నలుగురూ "లార్డ్ ఫలానా". తెలుగులో రాసేటప్పుడు మొదటి ప్రస్తావనలో మెట్టుతో సహా రాసి ("డల్హౌసీ మార్క్వెస్"), తర్వాత "లార్డ్ డల్హౌసీ" అంటే సరిపోతుంది. "సర్" తర్వాత మాత్రం సొంత పేరు తప్పనిసరి.

ఇప్పుడు ఒక పాత దినపత్రికల కట్టలో ఈ నాలుగు పేర్లు కనిపించాయనుకోండి: 1938లో ఛాంబర్లేన్‌తో మ్యూనిక్ వెళ్లిన ఎంపీ లార్డ్ డన్‌గ్లాస్, 1960లో విదేశాంగ మంత్రి లార్డ్ హ్యూమ్, 1963 చివర్లో ప్రధాని సర్ అలెక్ డగ్లస్-హ్యూమ్, 1974 తర్వాత లార్డ్ హ్యూమ్ ఆఫ్ ది హిర్సెల్. నలుగురూ ఒక్కరే. మొదటిది ఎర్ల్ వారసుడిగా వాడుకున్న పేరు, అందుకే ఎంపీగా ఉండగలిగాడు. రెండోది 1951లో తండ్రి పోయాక వచ్చిన అసలు ఎర్ల్ పదవి, పద్నాలుగో వాడు. మూడోదాని కథ ఇది: ప్రధాని కావాలంటే కామన్స్‌లో ఉండాలి, 1963లోనే వచ్చిన చట్టం బిరుదు వదులుకునే వీలిచ్చింది కాబట్టి వదిలేశాడు, అప్పటికే ఉన్న నైట్ బిరుదు వల్ల సర్ మిగిలింది. ఉప ఎన్నిక గెలిచేదాకా రెండు వారాలు బ్రిటన్ ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాడు. నాలుగోది ఆయన జీవితకాలానికి మాత్రమే ఇచ్చిన బారన్ పదవి. వదులుకున్న ఎర్ల్ బిరుదు మాత్రం చావలేదు, 1995లో ఆయన పోగానే కొడుకు పదిహేనో ఎర్ల్ అయ్యాడు.